తాళమును అక్షరమున నిలిపిన సుబ్బరామ దీక్షితులు

రామకృష్ణాపూరు వంటి బొగ్గుగనుల పట్టణమున కాలనియమపు విలువను పిల్లలకు వేరుగా బోధింపనక్కరలేదు. గని సైరను మ్రోగినంతనే ఒక షిఫ్టువారు పనిలోనికి దిగుదురు. మరియొక షిఫ్టువారు ఇంటిదారి పట్టుదురు. ఒకరి ముఖమొకరు చూడకపోయినను వారందరి పనిని ఆ ధ్వని ఒక్క త్రాట కట్టి నడిపించును. సంగీతమునందును అట్టి ధ్వని యొకటి కలదు. నేడు ఆ కాలనీలలోని ఒక విద్యార్థి తన యింటి కంప్యూటరు ముందు కూర్చుండి పాటను రికార్డు చేయదలచినచో, గొంతు సవరించుకొనుటకు ముందే ఒక పని చేయవలసియుండును. నిమిషమునకు ఎన్ని దెబ్బలు, ఆవృత్తమునకు ఎన్ని దెబ్బలు అను రెండు సంగతులను యంత్రమునకు తెలుపవలెను. అంతట యంత్రము టిక్కుటిక్కుమని కొట్టుచుండును; ఆవృత్తపు తొలి దెబ్బ మాత్రము తక్కినవానికంటె వేరుగా వినబడును. దీనినే క్లిక్ ట్రాకు అందురు. గాయకుడు దానిని చెవిలో వినుచు పాడును. మరునాడు వేరొక యూరిలో డప్పు వాయించువాడును, ఆ పైనాడు వేణువు నూదువాడును అదే టిక్కును విని తమ వంతును చేర్చుదురు. ముగ్గురును కలిసికొనకయే ముగ్గురి పాటయు ఒక్కటై కుదురును.

పాట మొదటినుండి తుదివరకు ఒకే నడకన సాగినంతవరకు ఇది సులభము. పల్లవి 8 అక్షరముల ఆదితాళమునను, చరణము 7 అక్షరముల మిశ్రచాపునను ఉన్నప్పుడే చిక్కు పుట్టును. మార్పు ఏ ఆవృత్తమువద్ద కలుగునో ముందుగా గుర్తు పెట్టకున్న యంత్రము 8నే లెక్కించుచు పోవును. 7 అక్షరముల ఆవృత్తములు 8 గడచి, 56 అక్షరములు నిండిన పిదపగాని గాయకుని తొలి దెబ్బయు, యంత్రపు తొలి దెబ్బయు మరల ఒకచోట కలియవు. నడుమ నంతయు కలతయే. కావున మార్పులు గల పాటకు పాడుటకు ముందే కాలపటమొకటి వ్రాసికొనవలెను.

ఇట్టి కాలపటములను కంప్యూటరు లేని దినములలో, తెలుగు అక్షరములతో కాగితముపై వ్రాసి లోకమునకిచ్చిన మహావిద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు. ఆయన వంశమున ఒక పాట యుండెను. అందు రాగములు 108, తాళములును 108. నేడు మనకు దొరకుచున్నవి 61 భాగములు మాత్రమే. ఆ 61 ఎట్లు నిలిచినవో, తక్కిన 47 ఎట్లు జారిపోయినవో యోచించినచో దీక్షితుల జీవితకార్యము యొక్క విలువ బోధపడును.

ఆ పాటను రచించినవారు రామస్వామి దీక్షితులు. వారు 1735లో జన్మించి 1817లో పరమపదించిరి. కావేరీతీరపు సీమలో తిరువారూరు వారికి నెలవైనది. 72 మేళముల పద్ధతిని ఏర్పరచిన వేంకటమఖి సంప్రదాయమును అభ్యసించి, హంసధ్వని రాగమును లోకమునకు ప్రసాదించినవారు ఆయనయే. తెలుగుదేశమునకు దూరమైన ఆ సీమలో నాడు సంగీతమునకు తెలుగే వాహకముగా నుండెను. రామస్వామి దీక్షితుల రచనలును అధికము తెలుగుననే యున్నవి. చెన్నపట్టణమునకు చేరువనున్న మణలి గ్రామపు మొదలియారు కుటుంబమువారు వారిని ఆదరించిరి. దీక్షితుల కుటుంబము కొంతకాలము అచటనే నివసించెను.

రాగతాళమాలిక యనబడు ఆ రచన యెంత సాహసమో గ్రహించుటకు తాళముల లెక్కను కొంచెము తెలిసికొనవలెను. నేటి విద్యార్థి మొదట నేర్చునవి ధ్రువము మొదలు ఏకము వరకు గల 7 తాళములు. లఘువునకు గల 5 జాతులచేత అవి 35 అగుచున్నవి. ప్రాచీన శాస్త్రములలోని 108 తాళములు వీనికంటె వేరు. వానియందు అనుద్రుతము 1 అక్షరము, ద్రుతము 2, లఘువు 4, గురువు 8, ప్లుతము 12, కాకపాదము 16 అక్షరముల కాలముగా లెక్కింపబడును. ఈ అంగములను పలువిధముల కూర్చుటచేత కొన్ని తాళములు రెండు మూడు దెబ్బలతో ముగియును. కొన్ని కడు దీర్ఘములై ముగింపు ఎక్కడో దూరమున కనబడును. పాటలో రాగము మారినప్పుడెల్ల తాళమును మారుచుండును. గాయకుని గొంతు ఒక రాగమునుండి మరియొక రాగమునకు తిరుగునప్పుడే ఆయన చేయియు ఒక లెక్కనుండి మరియొక లెక్కకు తిరుగవలెను. ఇట్లు 108 మలుపులు.

నాడు ఈ మలుపులకు గుర్తులు ఎచట నుండెను? గురువు చేతియందును, శిష్యుని జ్ఞాపకమునందును ఉండెను. గురువు తొడపై వేయు దెబ్బయే క్లిక్ ట్రాకు. అది జీవముగల గుర్తు. పాట భావమును బట్టి రవంత ఒదుగును, శిష్యుడు తడబడిన నిలుచును. అయితే ఆ చేయి ఆగిననాడు అదియు ఆగును. శిష్యుడు ఒక మలుపును మరచినచో ఆ మలుపు ఆ శాఖలో శాశ్వతముగా పోవును.

రామస్వామి దీక్షితుల కుమారులలో జ్యేష్ఠుడు ముత్తుస్వామి దీక్షితులు. త్యాగరాజస్వామి, శ్యామశాస్త్రులతో కూడ సంగీతత్రిమూర్తులలో నొకరుగా ఆయన పూజలందుచున్నారు. తమ్ములు చిన్నస్వామి, బాలుస్వామి. మణలిలో నున్నప్పుడు ఈ సోదరులకు చెన్నపట్టణపు కోటలోని ఆంగ్లేయుల బ్యాండు సంగీతము వినుటకు వీలు చిక్కెను. బాలుస్వామి ఐరోపావాని యొద్ద ఫిడేలు నేర్చి, ఆ వాద్యమును కర్ణాటక సంగీతమునకు అలవాటుచేసిన తొలివారిలో నొకరైరి. ముత్తుస్వామి ఆ బ్యాండు మెట్లకు సంస్కృతసాహిత్యము కూర్చిరి, అవియే నొట్టుస్వరములు. అడుగు తప్పక నడచు సైనికులకై పుట్టిన ఆ మెట్లు కదలని నడకకు ఉదాహరణములు. ముత్తుస్వామి కృతులలో పెక్కు విలంబకాలమున గంభీరముగా నడచునవి. ఈ రెండు నడకలును ఒకే యింట చెవులకు పరిచితములై యుండెను.

తిరునెల్వేలి సీమలోని ఎట్టయపురము తెలుగు మూలములు గల నాయకవంశమువారి సంస్థానము. బాలుస్వామి దీక్షితులు అచట ఆస్థానవిద్వాంసులైరి. తమ్ముని చూడ వచ్చిన ముత్తుస్వామి దీక్షితులు 1835 సంవత్సరమున దీపావళినాడు ఎట్టయపురముననే దేహము చాలించిరి. వారి సమాధి నేటికిని అచట కలదు.

ఇది జరిగిన నాలుగేండ్లకు, 1839లో, తిరువారూరున బాలుస్వామి కుమార్తె అన్నపూర్ణికి ఒక కుమారుడు కలిగెను. తండ్రి శివరామయ్య. పుత్రసంతానము లేని బాలుస్వామి ఆ బాలుని చిన్నతనముననే ఎట్టయపురమునకు తెచ్చి దత్తత తీసికొనిరి. మాతామహుడే తండ్రియు, గురువును అయ్యెను. ఆ బాలుడే సుబ్బరామ దీక్షితులు.

ముత్తుస్వామి దీక్షితులను చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. కాని వారితో కలిసి పాడిన గొంతు, వారితో కలిసి తాళము వేసిన చేయి ఇంటిలోనే యుండెను. పాఠము తెల్లవారుజామున నారంభమగును. వీణయు, గానమును, సంస్కృతాంధ్రములును తోడుతోడ సాగును. ఒక్కొక్క కృతియందు గమకము ఎచట ఊగవలెనో, ఎచట జారవలెనో, సాహిత్యపు అక్షరము తాళపు ఏ దెబ్బపై వ్రాలవలెనో బాలుడు చేతివ్రేళ్ళతో నేర్చుకొనెను. 17 ఏండ్ల వయసున ఆయన దర్బారు రాగమున తానవర్ణము రచించి ఆస్థానమున మెప్పు పొందిరి. బాలుస్వామి దివంగతులైన పిమ్మట, ఇరువదియేండ్లు నిండునంతలో ఆస్థానవిద్వాంసుని పీఠము ఆయనకు సంక్రమించెను. అప్పటినుండి కడవరకు ఆయన జీవితము ఎట్టయపురముననే గడచెను. వర్ణములు, కీర్తనలు, రాగమాలికలు ఆయన లేఖినినుండి వెలువడెను. శంకరాభరణమున ఆయన రచించిన శంకరాచార్యం అను కృతి నేటికిని కచేరీలలో వినబడుచున్నది.

ఆయన చేతిలోనున్న నిజమైన సంపద వేరు. వేంకటమఖి లక్షణగీతములు, రామస్వామి దీక్షితుల మాలికలు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు, పూర్వవిద్వాంసుల వర్ణములు, సంచారులు, ఇవన్నియు కొన్ని వ్రాతప్రతులలోను, అంతకు మించి ఆయన జ్ఞాపకమునందును ఉండెను. నాటి విద్వాంసులకు ఇట్టి ధనమును దాచుకొనుట లోభముగా తోచలేదు. అర్హుడైన శిష్యునికే విద్య నీయవలెనను నియమము దానిని కాపాడుచుండెను. వ్రాత వ్యర్థమనియు, గమకము కాగితమున కెక్కదనియు, అచ్చుపుస్తకము చూచి నేర్చినవాడు పాటను పాడుచేయుననియు వారి భయము. ఆ భయము నిరాధారమైనది కాదు. స్వరాక్షరములను మాత్రము వ్రాసినచో పాట ఎముకలగూడుగా మిగులునని వీణ పట్టినవారందరకు తెలియును.

ఈ భయమునకు ఎదురు నిలిచి వాదించినవారు చెన్నపట్టణపు ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు. ఆయన ఎం.ఏ. పట్టభద్రుడు, క్రైస్తవుడు, ప్రభుత్వోద్యోగి. కర్ణాటక సంగీతమును ఐరోపా స్వరలిపిలో అచ్చొత్తించి ప్రపంచమునకు చూపవలెనని కంకణము కట్టుకొని, స్వంత ధనమును, ఆరోగ్యమును దానికై వెచ్చించిరి. 1890 తరువాతి యేండ్లలో ప్రాచ్యసంగీతమును ఐరోపా లిపిలో చూపు గ్రంథమును ప్రకటించిరి. ఆ లిపియందు మొదలియారును ఆకర్షించినది కాలమును వ్రాయు శక్తి. ఐరోపా పుటలో మొదటనే ఒక భిన్నము వ్రాయబడును. మీది అంకె గుంపులో ఎన్ని దెబ్బలో, క్రింది అంకె ఆ దెబ్బ యెంత విలువదియో తెలుపును. నడుమ లెక్క మారినచో మారినచోటనే క్రొత్త భిన్నమును వ్రాయుదురు. వేగము కూడ అంకెలలో చెప్పుటకు వీలుపడెను. యోహాన్ మెల్జెల్ 1815లో మెట్రోనోము అను లోలకయంత్రమునకు హక్కుపత్రము పొందిన పిదప, నిమిషమునకు ఇన్ని దెబ్బలని పుట మీదనే వ్రాయు ఆచారము ఐరోపాలో వ్యాపించినది. వ్రాసినవాడు లేకున్నను చదివినవాడు అదే నడకను పట్టుకొనగలడు. మొదలియారు కోరినది ఇదియే.

ముత్తుస్వామి దీక్షితుల కృతులకు శుద్ధమైన పాఠమును వెదకుచు మొదలియారు సుబ్బరామ దీక్షితుల నాశ్రయించిరి. దీక్షితులు వెంటనే సమ్మతింపలేదు. ఒకరు పరంపరను కాపాడువారు. మరియొకరు దానిని అందరకు పంచదలచినవారు. ఇద్దరికిని సంగీతమే ప్రాణము. వ్రాయకున్న పోవునని ఒకరి వేదన. వ్రాసిన చెడునని మరియొకరి వేదన. ఇట్లుండగా మొదలియారు కంటిచూపు క్షీణింపసాగెను. స్వరలిపి పుటలపై వంగి చేసిన పరిశ్రమ ఆ కన్నులకు భారమయ్యెను. అట్టి స్థితిలో 1899లో ఆయన చెన్నపట్టణమునుండి దక్షిణమున అంత దూరముననున్న ఎట్టయపురమునకు పట్టాభిషేక సమయమున వచ్చి, దీక్షితుల యొద్దనున్న విద్యను అచ్చువేయింపుడని రాజును ప్రార్థించిరి. రాజు అంగీకరించెను. వ్యయమును సంస్థానము భరించునట్లును, ముద్రణము ఎట్టయపురమునందలి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో జరుగునట్లును ఏర్పాటయ్యెను. చూపు కోల్పోవుచున్న ఒక మనుజుడు తాను చదువజాలని పుస్తకమునకై చేసిన ఆ ప్రయాణము సంగీతచరిత్రలో మరవరానిది.

అప్పటికి దీక్షితులకు వయసు అరువది. పనికి పూనిన పిదప ఆయన తమ పూర్వపు సందేహమునే తమకు కొలబద్దగా చేసికొనిరి. వ్రాసిన చెడునని గదా భయము. చెడకుండ వ్రాయుట యెట్లో చూతమని తలచిరి. స్వరములను తెలుగు అక్షరములలో వ్రాసి, హ్రస్వాక్షరమునకు ఒక మాత్రను, దీర్ఘాక్షరమునకు రెండు మాత్రలను నిర్ణయించిరి. అక్షరముపై నొక అడ్డుగీత యున్నచో వేగము రెట్టింపు. రెండు గీతలున్నచో నాలుగింతలు. తాళపు అంగములు ముగియుచోట్లను, ఆవృత్తము ముగియుచోటును విడదీసి చూపిరి. కంపితము, స్ఫురితము, ప్రత్యాహతము, నొక్కు, రవ, జారు మొదలగు గమకములకు వేరువేరు గుర్తులను ఏర్పరచి అక్షరముల తలపై నిలిపిరి. సామాన్యమైన తెలుగు అచ్చులో ఇట్టి గుర్తులు ఉండవు. వానిని ప్రత్యేకముగా సమకూర్చి, ఒక్కొక్క వరుసను కూర్చి, తప్పొప్పులు దిద్దవలసివచ్చెను. ఒక గీత తప్పిపోయినచో ఒక స్వరము రెండింతల కాలము నిలుచును, ఆవృత్తమంతయు చెదరును. ఇట్టి శ్రమ ఏండ్ల తరబడి సాగెను.

ఆ అడ్డుగీతలో ఒక సూక్ష్మము కలదు. నేటి విద్యార్థికిని అది పనికివచ్చును. ముత్తుస్వామి దీక్షితుల కృతులలో తుదిని మధ్యమకాల సాహిత్యము వచ్చును. వినువానికి పాట రెట్టింపు వేగమున పరుగెత్తినట్లు తోచును. తాళము వేయు చేయి మాత్రము మునుపటివలెనే కదలుచుండును. ఒక దెబ్బకు పట్టు అక్షరములే రెట్టింపగును. అందుచేతనే దీక్షితులు గీతను అక్షరముపై గీసిరి, తాళమును కదలింపలేదు. కంప్యూటరులో ఈ కృతిని రికార్డు చేయువాడు మధ్యమకాలము వచ్చినదని టెంపోను నిమిషమునకు 60 నుండి 120 దెబ్బలకు పెంచినచో తప్పు చేసినవాడగును. అట్లు చేసిన తాళమును పరుగెత్తును, కృతి నడక చెడును. క్లిక్కును 60 వద్దనే యుంచి గొంతును రెట్టింపవలెను. ఆదితాళమునుండి మిశ్రచాపునకు మారునప్పుడు సంగతి వేరు. అచట అక్షరపు వేగము మారకపోవచ్చును, గుంపు మారును. కావున టైమ్ సిగ్నేచరును మార్చి టెంపోను అట్లే యుంచవలెను. నిజముగా నడకయే మారినప్పుడుగాని టెంపో అంకెను ముట్టరాదు. అక్షరము, తాళము, నడక అను మూడును మూడు వేరు సంగతులని దీక్షితుల పుటలు చదివినవాడు యంత్రము ముందు తడబడడు.

1904లో ఆ మహాగ్రంథము సంగీత సంప్రదాయ ప్రదర్శిని అను పేర తెలుగున వెలువడెను. సుమారు 1700 పుటలు. 72 మేళముల క్రమమున రాగములు, వాని లక్షణములు, గీతములు, తానములు, సంచారులు, వర్ణములు, కృతులు అందు కూర్పబడినవి. ముత్తుస్వామి దీక్షితుల కృతులే 229 ఉన్నవి. శార్ఙ్గదేవుడు మొదలు తమ కాలమువరకు గల 76 మంది లక్షణకర్తల, వాగ్గేయకారుల చరిత్రములను కూడ దీక్షితులు వ్రాసి చేర్చిరి. తమిళదేశపు నడిబొడ్డున, సుబ్రహ్మణ్య భారతి జన్మించిన ఊరిలోనే, ఇంతటి తెలుగు పుస్తకము అచ్చగుట నేటివారికి వింతగా తోచవచ్చును. నాటి సంగీతలోకమునకు అది సహజమే.

ఆ గ్రంథముననే తాతముత్తాతల రాగతాళమాలికయు వెలుగు చూచెను. రాగము పేరు, తాళము పేరు, స్వరము, సాహిత్యము వరుసగా నిలిపి 61 భాగములు అందు అచ్చయినవి. 108 అను సంఖ్యను పూరించుటకు తక్కిన 47 భాగములను కల్పించి చేర్చుట దీక్షితులవంటి రచయితకు అసాధ్యము కాదు. రాగలక్షణము తెలిసినవారు, తాళశాస్త్రము తెలిసినవారు, వంశపు శైలి రక్తమున నున్నవారు. చేర్చినచో నాడు గుర్తించువారును ఉండకపోవచ్చును. ఆయన ఆ పనికి పూనలేదు. ఉన్నదానిని ఉన్నట్లు ఇచ్చి, లేనిచోటును లేనట్లే విడిచిరి. గ్రంథమునందలి తక్కిన పుటలను మనము నమ్ముటకు ఆ లోటే సాక్ష్యము.

వంశమునకు చెందనివారికిని అప్పటినుండి ఆ పాట దక్కెను. ఎట్టయపురమును ఎన్నడు చూడనివాడు, ఏ దీక్షితుల యొద్దను శిష్యరికము చేయనివాడు పుస్తకము తెరచి, ఏ రాగమువద్ద ఏ తాళమునకు చేయి తిరుగవలెనో తెలిసికొనగలడు. గురుముఖము అనవసరమైనదని దీని భావము కాదు. గుర్తును చదివినంత మాత్రమున గమకము గొంతున పలుకదు. దీక్షితులు కోరినదియు అది కాదు. గురువు మరచినచోట జ్ఞాపకము చేయుటకును, గురువు లేనిచోట త్రోవ చూపుటకును ఆ గుర్తులు నిలిచినవి.

గ్రంథము వెలువడిన మరుసటి యేడు, 1905లో, దీక్షితులు ప్రథమాభ్యాస పుస్తకమును ప్రకటించిరి. పండితులకై మహాగ్రంథమును ముగించిన వృద్ధుడు వెంటనే పిల్లల వైపు తిరుగుట ఉపాధ్యాయులు గమనింపదగిన విషయము. సరళీస్వరములు పట్టు బాలుడు ఈ గుర్తులను నేర్వకున్న పెద్ద పుస్తకము తాళము వేసిన పెట్టెగా మిగులునని ఆయన ఎరుగుదురు. 1906లో ఆయన కాలధర్మము చెందిరి. కుమారుడు అంబి దీక్షితులు 1936 వరకు జీవించి, టి. ఎల్. వెంకటరామయ్యరు, డి. కె. పట్టమ్మాళ్ మొదలగువారికి ముత్తుస్వామి దీక్షితుల కృతులను నేర్పిరి. తరువాతి కాలమున మద్రాసు సంగీత అకాడమీవారు ప్రదర్శినిని తమిళలిపిలో సంపుటములుగా ప్రకటించిరి. తెలుగులో పుట్టిన పుస్తకము ఇట్లు ఇతరలిపులకును చేరెను.

దీక్షితులు పోయిన పిదప పాతికేండ్లలోపుననే కాలమును ముందుగా వ్రాసికొను విద్య వేరొక చోట వేరొక రూపమున బయలుదేరెను. మాటలాడు చలనచిత్రములు పుట్టిన క్రొత్తలో, 1920 దశకపు చివర, అమెరికాలోని వాల్ట్ డిస్నీ చిత్రశాలలో బొమ్మల అడుగునకును వాద్యముల దెబ్బకును పొత్తు కుదుర్చవలసివచ్చెను. సంగీతదర్శకుడు కార్ల్ స్టాలింగ్ మొదలగువారు వాద్యగాండ్రకు చెవిలో టిక్కు వినిపించు ఉపాయమును వాడుకలోనికి తెచ్చిరి. ఫిలిము సెకనుకు 24 చట్రములు నడచును. 12 చట్రముల కొక టిక్కు పెట్టినచో నిమిషమునకు 120 దెబ్బలగును; 24 చట్రముల కొకటి పెట్టినచో 60 అగును. నేటి కంప్యూటరులోని క్లిక్ ట్రాకు దాని సంతతియే. చట్రములను లెక్కించు పని పోయి, ఆవృత్తము పేరు చెప్పి అంకె మార్చిన చాలును.

యంత్రము ఎంత పెరిగినను దీక్షితుల యెదుట నిలిచిన ప్రశ్న మాత్రము నేటికిని అదియే. పాటలో కాలము ఎచట మారుచున్నదో ముందుగా తెలిసికొని, దాచక, తప్పక వ్రాయగలమా? యంత్రము తానుగా ఆ మలుపును ఎరుగదు. మనుష్యుడు వినవలెను, చేతితో లెక్కింపవలెను, పిదప గుర్తు పెట్టవలెను. మలుపునకు ముందు రెండు ఆవృత్తములు పాడి చూచి, క్రొత్త తాళపు తొలి దెబ్బ సాహిత్యపు సరియైన అక్షరముపై పడుచున్నదో లేదో పరీక్షింపవలెను. అచ్చుకూటపు ప్రతులను దీక్షితులు దిద్దినప్పుడు చేసిన పనియు ఇదియే.

బొగ్గుగనుల సీమలో బతుకమ్మ పాటలు, పనిపాటలు, డప్పు దరువులు ఎన్నియో వృద్ధుల గొంతులలో నున్నవి. వానిలో కొన్ని ఒకే దరువున నడచును. కొన్ని నడుమ లెక్కను మార్చి నడచును. వాని పేర్లు శాస్త్రమున లేకపోవచ్చును, లెక్క మాత్రము తప్పక కలదు. పాఠశాలలోని ఉపాధ్యాయుడు ఒక సాయంకాలము తన విద్యార్థులతో అట్టి పాట నొకదానిని వినిపించుకొని, దెబ్బలు లెక్కించి, మారినచోట గుర్తు పెట్టి, క్లిక్కుతో రికార్డు చేయించినచో, సుబ్బరామ దీక్షితుల పనియే తన యూరిలో చేసినవాడగును. వినబడనిచోట తనంత కల్పింపక ఖాళీ విడిచినచో ఆయన నీతిని కూడ పాటించినవాడగును. రామస్వామి దీక్షితుల పాటలో 47 మలుపులు తిరిగి రావు. వృద్ధుల గొంతులలోని మలుపులు ఇంకను పోలేదు.